సున్నా బండి

ఆ ఆదివారం ఆదెయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పాత పికప్ బండి కడగాలి, పదింటికి వచ్చే బేరగాడికి తాళాలు ఇవ్వాలి, పండుగప్ప పులుసుతో అన్నం తిని సాయంత్రం దాకా నిద్రపోవాలి. మరునాడు ఆ జాగాలో ఆయన భార్య చెంచమ్మ ఎండుచేపలకు రేకుల షెడ్డు వేయిస్తుంది. మేస్త్రీని రమ్మని చెప్పేసింది కూడా.

జువ్వలదిన్నె రేవు నుంచి ఇరవై ఏళ్లుగా చేపలు మోసిన నీలం బండి అది. మద్రాసు హార్బరు వేలంలో కొన్నప్పుడు ఏ కంపెనీదని ఆదెయ్య అడగలేదు, తర్వాత తెలుసుకునే అవసరమూ రాలేదు. ముందున్న ఇంగ్లీషు అక్షరాలు ఉప్పుగాలికి ఒక్కొక్కటే రాలిపోయి చివరికి 'ఓ' మిగిలింది. ఒకరోజు అదీ ఊడిపడితే, ఒక మూలన ఉంటే ఏం బాగుంటుందని ఆదెయ్య దాన్ని నట్టనడుమ స్క్రూ వేసి బిగించాడు. అప్పటినుంచి ఊరంతా దాన్ని సున్నా బండి అంటోంది.

ఆదెయ్య బకెట్ పట్టుకునేసరికి కూతురు వినీల గుమ్మంలోకి వచ్చింది.

"నాయనా, బండి ఫోటో పాతబండ్ల గ్రూపులో పెట్టినా కదా. గూడూరు నుంచి రంగనాయకులు గారని ఒకాయన ఫోన్ చేసినాడు. పెర్లో బండి ఉందా అన్నాడు. ఉందన్నా. పదింటికి వస్తన్నాడు."

"పెర్లో ఏందే? పదింటికే వస్తానన్న బుచ్చిరెడ్డిపాలెం నరేంద్రబాబు గారు ఒరాన్ బండి ఉందా అన్నాడు కదా. మీ అమ్మ ఉందనింది."

"రెండిట్లో ఏదో ఒకటి అయ్యుంటదిలే నాయనా."

"ఒక బండిని ఇద్దరికి ఎట్ట ఇచ్చేదే?"

ఆదెయ్య బకెట్ కింద పెట్టేశాడు. నిన్నటి చేపను నేటిదని చెప్పి అమ్మడం కూడా చేతకాని మనిషి. వినీల ఫోను తీసుకుని రంగనాయకులుకు తనే చేశాడు.

"సార్, ఆ పెర్లో బండి..."

"ఎవరికీ ఇచ్చేయలేదు కదా?" రంగనాయకులు మాట పూర్తికానివ్వలేదు. "పదకొండేళ్లుగా వెతుకుతున్నానయ్యా దానికోసం. స్టేషన్ మాస్టరుగా ఏ ఊరికి బదిలీ చేసినా దిగంగానే ముందు పెర్లో గురించే అడిగేవాణ్ణి. నెల్లూరు దాటేసినా. వచ్చేస్తన్నా."

ఆదెయ్యకు కాదనడానికి నోరు రాలేదు. "ఉంది సార్. నిదానంగా రండి" అని పెట్టేశాడు.

సరే, నరేంద్రబాబుకైనా వద్దని చెబుదామనుకుంటుండగా ఆయనే చేశాడు. ఆయన రైసుమిల్లు ఆసామి. పాత బండ్లంటే పిచ్చి. మళ్లీ బండి కడగబోయి చేతులు తడిశాయని ఆదెయ్య ఫోను గోడ గట్టు మీద పెట్టించి, స్పీకరులో మాట్లాడాడు.

"ఆదెయ్యా, మీ ఇంట్లో ఒరాన్‌తో పాటు పెర్లో కూడా ఉందంటనే! రంగనాయకులు గ్రూపులో రాసినాడు. నాకు చెప్పలేదేం? రెండూ నేనే తోలుకుపోతా. ఆయనకి మాత్రం చూపించబాక."

ఆదెయ్య నోరు తెరిచేలోపు ఆయన ఫోను పెట్టేశాడు. కానీ గోడ అవతల బట్టలు ఉతుకుతున్న పక్కింటి భానుప్రియ మొత్తం విన్నది. ఆదెయ్య రెండో బండి కొని ఎవరికీ చెప్పకుండా దాచాడని అరగంటలో రేవంతా తెలిసిపోయింది. చెంచమ్మ అన్న హజరత్తయ్య ఒక చేత్తో కొబ్బరికాయ, ఇంకో చేత్తో నిమ్మకాయలు పట్టుకుని మండిపడుతూ వచ్చాడు.

"బండి కొంటే నాకు చెప్పాలని లేదా బావా? పరాయివాళ్ల నోట ఇనాల్నా?"

"నేనేం కొనలేదు బావా. ఉండేది ఇదొక్కటే."

"ఇది నాకు తెలీదా? రెండోది యాడ పెట్టినావు?"

చెంచమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమయ్యో, ఉండేదాన్ని తియ్యమంటే ఇంకొకటి తెచ్చినావా?"

లేదని ఆదెయ్య ఎంత మొత్తుకున్నా ఆమెకు నమ్మకం కుదరలేదు. దొడ్లోకి వెళ్లి వలల కుప్ప ఎత్తి చూసింది. ఆ కుప్ప కింద బండి కాదుకదా సైకిల్ కూడా పట్టదు.

ముందుగా నరేంద్రబాబు వచ్చాడు. తన పికప్ తనే నడుపుకుంటూ వచ్చాడు. ముదురాకుపచ్చ రంగు, ముఖం చూసుకోవచ్చు. ముందు ఇత్తడి అక్షరాలతో 'బెర్విక్' అని ఉంది. "ఇంగ్లాండు బండి. ఓడలో తెప్పించినా" అంటూ ఆయన దిగాడో లేదో, బెర్విక్ ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది.

ఆ వెనకే కారులో రంగనాయకులు దిగాడు. సున్నా బండిని చూడగానే చెప్పులు విడిచి దగ్గరికి నడిచాడు.

"పెర్లో! ఆఫ్రికాలో తప్ప ఇంకెక్కడా అమ్మలేదు. ఇదిగో, చివరి అక్షరం ఓ."

"చివరిది కాదు, మొదటిది" అన్నాడు నరేంద్రబాబు. "ఇది ఒరాన్. జపాన్ బండి."

ఇద్దరూ ఆదెయ్య వైపు తిరిగారు. "ఈ ఓ మొదట ఉండిందా, చివర ఉండిందా?"

"నడాన ఉంది కదా సార్" అన్నాడు ఆదెయ్య బిక్కమొహంతో.

అక్కడ బిగించింది తనేనని చెప్పేలోపే వాళ్లిద్దరూ నడుమ ఓ ఉన్న బండి పేర్లు వెతకడంలో పడ్డారు.

ఈలోగా రేవు మెకానిక్ సుబ్బు వచ్చి బెర్విక్ మూత ఎత్తాడు. రేడియేటర్ గొట్టం పగిలింది.

"ఇది ఇక్కడ దొరకదు" అన్నాడు నరేంద్రబాబు, బాధకంటే గర్వమే ఎక్కువగా. "ఇంగ్లాండు నుంచి రావాల."

సుబ్బు సున్నా బండి గొట్టం ఊడదీసి బెర్విక్‌కు తగిలించాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది.

"గొట్టాలదేముంది, అన్నీ ఒకటే" అన్నాడు నరేంద్రబాబు.

సుబ్బు తలుపు పిడి మార్చాడు. సరిపోయింది. హెడ్‌లైటు మార్చాడు. ఏకంగా తలుపే మార్చాడు. చుట్టూ జనం చేరారు. అలిగి అరుగు మీద కూర్చున్న హజరత్తయ్య కూడా లేచి వచ్చి స్పానర్లు అందించసాగాడు. పన్నెండయ్యేసరికి వాకిలంతా బోల్టులు. పచ్చ బండికి చేపల పొలుసులు అంటిన నీలం తలుపు, నీలం బండికి అద్దంలాంటి పచ్చ తలుపు.

"సార్, ఇవి రెండూ ఒకటే బండి సార్" అని తేల్చాడు సుబ్బు.

వినీల ఫోనులో వెతికి పైకి చదివింది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే బండి. జపాన్‌లో ఒరాన్ అన్నారు, ఆఫ్రికాలో పెర్లో అన్నారు, ఇంగ్లాండులో బెర్విక్ అన్నారు. పేరుబిళ్ల తప్ప ఇంకేమీ మారలేదు.

"అయితే నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు కదా!" అన్నాడు ఆదెయ్య. పొద్దుటినుంచి ఆయన ముఖం వెలిగింది అప్పుడే.

నరేంద్రబాబు ముఖం మాత్రం మాడిపోయింది. తాను సముద్రాలు దాటించి తెచ్చుకున్న బండి అన్నేళ్లుగా ఈ రేవులోనే చేపలు మోస్తూ ఉంది. అది చూసి రంగనాయకులు పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చటుక్కున ఆగి, అరుగు మీద కూలబడ్డాడు. చెంచమ్మ గాభరాపడి మంచినీళ్లు తెచ్చింది.

"ఏమైంది సార్?"

"మా ఇంట్లో ఒరాన్ ఉండాదమ్మా" అన్నాడాయన నీరసంగా. "ఎనిమిదేళ్ల కిందట, పెర్లో దొరకలేదన్న దిగులుతో కొన్నా. దానిమీద మనసు పోక టార్పాలిన్ పట్టా కప్పి పెట్టేసినా. ఒక్కసారన్నా సరిగ్గా చూడలేదు."

ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు. చెంచమ్మ అందరికీ విస్తళ్లు వేసి పులుసు వడ్డించింది. భోజనాలయ్యాక ఏ బోల్టు ఏ బండిదో సుబ్బుకు గుర్తు రాలేదు. బెర్విక్ కోసం రేపే మనిషిని పంపిస్తానని చెప్పి నరేంద్రబాబు, రంగనాయకులుతో పాటు ఆయన కారులో వెళ్లిపోయాడు. సోమవారం ఆయన మనిషి రాలేదు. మేస్త్రీ వచ్చాడు, వాకిలి చూశాడు, వెనక్కి తిరిగాడు.

బుధవారం ఒక లారీ వచ్చి పట్టా కప్పిన ఒరాన్‌ను సున్నా బండి పక్కన దించింది. ఒకటే బండి అయినప్పుడు ఒకటే చోట ఉండనీయమని రంగనాయకులు భార్య డ్రైవరుతో కబురు పెట్టింది.

చెంచమ్మ మూడు బండ్లనూ ఒకసారి చూసి, వినీల చేతిలోని ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.