హాజరు పట్టీ

“ఇకపై ఏ తల్లీ, ఏ తండ్రీ తమ బిడ్డను నలుగురి కంటా పడకుండా దాచుకోవలసిన అగత్యం లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది!”

అంత గంభీరంగానూ చదివి, ఆఫీసు సూపరింటెండెంటుగారు కళ్లజోడు సవరించుకున్నారు. చదవడానికి ముందు ఆయన చేసిన ఏర్పాటు ఒక్కటే. పదకొండేళ్ల కూతుర్ని లోపలి గదిలో కూర్చోబెట్టి, బయటనుంచి గొళ్లెం పెట్టి వచ్చారు.

అమ్మాయికి డౌన్ సిండ్రోమ్. ఆఫీసులో ఈ సంగతి పురుగుకి కూడా తెలియదు. కొన్నాళ్లుగా ఆయన్ని ఒకే ప్రశ్న తొలిచేస్తోంది: మేం పోయాక దీన్ని చూసేదెవరు? అడగడానికి ఒక్క మనిషి చాలు. కానీ ఒక్క మనిషిని అడిగితే నామోషీ, పదిమందిని పిలిచి అడిగితే సమాజసేవ! కనుక ఆస్పత్రి గోడకి ప్రకటన అంటించి, తన ముందుగదిలోనే తల్లిదండ్రుల సంఘం పెట్టారు.

ముగ్గురొచ్చారు.

“మాకేం లేదండీ! మా తోడికోడలి కూతురి కోసం వచ్చా” అంది బ్యూటీపార్లరావిడ.

“మా షాపుకొచ్చే ఒకాయనకి బాబున్నాడు, పాపం” అన్నాడు మందులషాపాయన.

“నేను పరిశీలకుణ్ణి మాత్రమే” అన్నారు రిటైర్డు హెడ్మాస్టరు.

“నాదీ కేవలం సేవాదృక్పథమే!” అన్నారు సూపరింటెండెంటుగారు. ప్రాణం కుదుటపడింది. ఒక్క తల్లి గానీ, తండ్రి గానీ లేకుండా తల్లిదండ్రుల సంఘానికి కోరం సరిపోయింది.

భార్య టీ తెచ్చింది. ప్రతి మంగళవారం కూతుర్ని మాటలు నేర్పే క్లినిక్కి తీసుకెళ్లేది ఆవిడే. అక్కడి వరండాలో ఈ ముగ్గుర్నీ రెండేళ్లుగా చూస్తోంది. ఆవిణ్ణి చూడగానే ముగ్గురూ టీలో ఈగ పడ్డట్టు కప్పుల్లోకి చూశారు. ఆవిడ ట్రే బల్లమీద పెట్టి లోపలికెళ్లింది.

చర్చ ‘డౌన్ సిండ్రోమ్ తల్లిదండ్రుల సంఘం’ అన్న పేరు మీదికి మళ్లింది.

“సంఘం పుట్టకముందే డౌన్ అంటే ఎలాగండీ? శకునం బాగోదు” అన్నారు హెడ్మాస్టరు.

“అది దీన్ని కనిపెట్టిన డాక్టరుగారి పేరండీ” అన్నాడు మందులషాపాయన.

“అయితే ఇంకో మంచి డాక్టరు పేరు చూడండి!”

ఈ తీర్మానం ఆమోదం పొందేలోగా తలుపు తెరుచుకుంది. చంకలో ఆఫీసువారు పారేసిన పాత హాజరు పట్టీతో అమ్మాయి వచ్చి నిలబడింది.

“నిశ్శబ్దం! హాజరు!” మాట కాస్త ముద్దగా ఉన్నా, అధికారం మాత్రం స్పష్టంగానే ఉంది.

“గొళ్లెం పెట్టానుగా!” పళ్లబిగువున అన్నారాయన, వెనకే వచ్చిన భార్యతో.

“దాచుకోనక్కర్లేదని మీరే చదివారుగా! ఇంకా గొళ్లెమెందుకని తీసేశా.”

“ఈలబాబూ!” పట్టీ తెరిచి, క్లినిక్ వరండా నేస్తాలకి తను పెట్టుకున్న పేర్లలో మొదటిది పిలిచింది అమ్మాయి. మందులషాపాయన వైపు తిరిగింది. “మావయ్యా, ఈలబాబు ఏడీ?”

“ఇంట్లో... ఉన్నాడమ్మా” అన్నాడాయన, మెడ గుండీ విప్పుకుంటూ.

“కళ్లజోడూ! అత్తా, రాలేదా?”

“పడుకుంది తల్లీ” అంది బ్యూటీపార్లరావిడ. తోడికోడలి పేరు మళ్లీ ఎత్తలేదు.

“నవ్వులయ్యా! తాతా, నవ్వులయ్య?”

పరిశీలకుడిగారు కప్పు కిందపెట్టి లేచారు. “వీధి చివర కారులో ఉన్నాడు, వాళ్ల నాయనమ్మతో. తీసుకొస్తానుండు.” గడప దాకా వెళ్లి ఆగారు. “నేను పోయాక వాడి సంగతేమిటండీ?”

సూపరింటెండెంటుగారు ఉలిక్కిపడ్డారు. తన నోట్లో మాటను ఇంకొకరి నోట విన్నారు. క్లినిక్ వరండాలో రెండేళ్లుగా ప్రతి మంగళవారం హాజరు తప్పకుండా నడుస్తున్న సంఘానికి, తాను ఈ పూట ప్రారంభోత్సవం చేస్తున్నానని అప్పుడు తెలిసింది.

“నాన్నా!”

ఆ పేరు పట్టీలో అట్టడుగున ఉంది. దాని ఎదుట గళ్లన్నీ ఖాళీ.

అందరూ ఆయనవైపే చూస్తున్నారు. కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు. “హాజరు... నేను దీని నాన్ననండీ.”

అమ్మాయి ఆయన జేబులోని ఎర్ర పెన్ను లాక్కుంది. ఇరవయ్యారేళ్లుగా ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లకెదురుగా గీతలు గీసిన పెన్ను అది. నాలిక బయటపెట్టి, శ్రద్ధగా, పొడుగాటి గీత గీసింది.

“లేటు!”

పది నిమిషాలు లేటైతే ఆయన ఆఫీసులో అరపూట సెలవు కోసేస్తారు. పదకొండేళ్లు లేటైతే ఎంత కోయాలో ఆయనకి కంఠతా వచ్చిన రూల్సులో ఎక్కడా లేదు.