ఎర్రపళ్ళెపు పావుగంట సమరము

జావా, ఒరాకిల్ బోధనాలయముల బోర్డులు బాలభానుని సైతము కప్పివేయుచుండగా, పంజాగుట్ట కూడలి నుండి వాహనవాహినులు హారన్ శంఖములు పూరించుచు పొంగివచ్చుచుండగా, రెండువేల నాలుగవ సంవత్సర మార్చి మాసమున, ఉదయము ఎనిమిది గంటలకు, అమీర్‌పేటలోని మూడుదారుల మొగలో, పొర్లిపోవు చెత్తకుండీ చెంత, కాకినాడ కులదీపిక, సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థిని యగు ధాత్రి ఇటుకపై నొక గాజుపళ్ళెము నుంచి మూత తీసెను.

అందు గొర్రెనెత్తురు కలిపిన ఎర్రని మేత గడ్డకట్టి యుండెను. గాలిలో తేలు బాక్టీరియా భటులు దానిపై వాలి, తిని, రెండు దినములలో చుక్కలై మొలవవలెను. పొలము గాలికిని చెత్త గాలికిని గల భేదమును లెక్కించుటయే ఆమె ప్రాజెక్టు. మేడ్చల్ అవతల పాలకూర మడి గట్టున ఒక పళ్ళెము కృతార్థమాయెను. ఇచ్చట నిన్న ఉంచినది ఆటోచక్రము క్రింద వీరస్వర్గ మలంకరించెను. మిగిలినది ఇదొక్కటే. పదునైదు నిమిషములు దీనినెవరును తాకకున్న పట్టా. తాకిరా, మరల ఆరు నెలలు.

ఐదవ నిమిషమున, బయోడేటా ఫైళ్ళను డాళ్ళవలె ధరించిన యువసేన ఆగెను.

"అరే, దిష్టి తీసి పడేసిండ్రు రా! నెత్తురు సుత ఉన్నది!"

"నేనిలాంటివి నమ్మనురా. తన్నేస్తా, చూడు!"

"నిలువుము దుర్మదాంధా! నీ పాదఘాతమున నా భవిష్యత్తు భగ్నమగును!" అని గర్జింపదలచిన ధాత్రి కంఠమునుండి, "ప్లీజండీ, అది నా ప్రాజెక్టు," అనునంతయే వెలువడెను.

అంతలో దీర్ఘమార్జనీధారిణి, బోరబండ వీరనారి, మున్సిపాలిటీ వీధులూడ్చు చంద్రమ్మ ప్రవేశించెను.

"జర జరుగు బిడ్డా, ఊడ్వాలె. సూపర్‌వైజర్ వస్తడు."

"ఇంకో పది నిమిషాలమ్మా! ఊడిస్తే దుమ్మంతా ఇందులో పడుతుంది. ఇక్కడి గాలిలో ఎన్ని క్రిములున్నాయో ఇదే చెప్పాలి."

చంద్రమ్మ ఫక్కున నవ్వెను. "పన్నెండేండ్ల సంది గీ గాలి పీల్చేది నేను. నన్నిడిసి గిన్నెనడుగుతున్నవా?"

ధాత్రి తలవంచెను. "మీరు చెప్పారంటే మా సారు నమ్మరమ్మా. ఇది చెబితే నమ్ముతారు."

"గట్లనా!" అని చంద్రమ్మ చీపురును ధ్వజస్తంభమువలె పాతి, పాదమెత్తిన యువకుని వంక తిరిగెను. "తన్ను బాబూ, తన్ను. మొన్న నీ లెక్కనే ఒకడు తన్నిండు. అయిదు ఇంటర్వ్యూలకు పోయిండు. ఒక్క నౌకరి సుత దొర్కలే."

త్రివిక్రమునివలె గగనమున కెగసిన ఆ పాదము మెల్లగా దిగి, సవినయముగా వెనుకకు నడచెను. యువసేన పక్కసందు పట్టెను. వార్త వ్యాపించి, వెనుక వచ్చు రెండు ఆటోలును మరలిపోయెను. వీధి నిర్మానుష్యమయ్యెను.

పదునైదవ నిమిషమున ధాత్రి మూతవేసెను. చంద్రమ్మ కొంగును ముక్కుకు చుట్టుకొని ఊడ్చుటకు వంగెను.

మూడవనాడు పొలము పళ్ళెమున పందొమ్మిది చుక్కలు. చెత్త పళ్ళెమున సందులేక, లెక్కకందక, ఒకదానిపై నొకటిగా చుక్కలు. సారు కళ్ళద్దములు తుడుచుకొని చూచి, "నిజమేనమ్మా," అనెను.

జయము! జయము! చంద్రమ్మ పన్నెండేండ్లుగా ఎరిగిన సంగతి ఆనాటికి ఒక్కగానొక్క సారుకు తెలిసెను!