అచ్చయ్య గారి వజ్రానికి ఎండ తగిలిన రోజు

ఆ ఉదయం రంగూన్ తామ్వే పేటలో అచ్చయ్య గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండ రాగానే మేడమీద కిటికీ దగ్గర కూర్చోవాలి. కొడుకు సూరి నిశ్చితార్థపు ఉంగరం కోసం బ్రోకరు లింగరాజు తెచ్చిన వజ్రాన్ని వెలుగులో తిప్పి చూడాలి. అందులో ఓ లోపం పట్టుకోవాలి. భోజనం వేళకి రాయిని లింగరాజు మొహాన కొట్టి రావాలి. అంతే.

చిక్కల్లా ఎండతోనే. వానాకాలంలో రంగూన్ ఎండ సర్కారు వారి రేషన్ నూనెలాంటిది. వస్తుందంటారు, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు.

అచ్చయ్య గారి కన్ను సామాన్యమైనది కాదు. కుర్రతనంలో మొగల్ వీధిలోని ఓ సూరతీ షావుకారు నగల దుకాణంలో సాన పట్టిన కన్ను అది. ఒకసారి ఓ వజ్రాన్ని అలా చూసి, "దీన్ని కోసినవాడికి ఆవేళ పన్ను సలుపుతా ఉంది" అన్నాడట. షావుకారు సూరత్‌కి మనిషిని పంపి ఆరా తీయిస్తే పన్ను సలిపిన మాట నిజమే, అదీ కుడి దవడ. ఇంకోసారి దుకాణంలో దీపాలు పోతే, ఈయన ఏరి పెట్టిన ఒక్క రాయి వెలుగులో పన్నెండుమంది కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నారట, ఒక్కరి గొంతులోనూ ముల్లు దిగలేదట. పులుసు సంగతి నమ్మనివాళ్ళు కూడా కన్ను సంగతి నమ్మేవారు.

ఆయన సిద్ధాంతం ఒకటే. "వజ్రం గనిలో పుట్టిందంటే గొప్పేటుంది? బొగ్గూ పుడతాది. కోసినోడి సేతిలో మళ్ళీ పుట్టాల." కోత మరీ లోతైతే రాయి నడుమ బావిలా నల్లగా ఉంటుంది. మరీ పలచనైతే చచ్చిన చేప కన్నులా తెల్లబోతుంది. సరిగ్గా కోసిన రాయిలో మాత్రం పైనుంచి దూరిన వెలుగు కిందికి కారిపోదు. లోపలి పలకల్లో తిరిగి తిరిగి, రంగులన్నీ వెంటేసుకుని మళ్ళీ మన ముఖానికే వస్తుంది.

దుకాణాలన్నీ సర్కారు లాక్కుని, దేశం తలుపులు మూసేసిన తరువాత ఆ కంటికి పని లేకుండా పోయింది. ఆయన పప్పులు, మిరపకాయలు అమ్ముకుని బతికాడు. రాళ్ళు ఇళ్ళ పైకప్పుల్లోకీ, ఊరగాయ జాడీల్లోకీ చేరిపోయాయి. ఇన్నాళ్ళకి కొడుకు పెళ్ళి కుదరడంతో లింగరాజు చాటుగా ఒక్కో రాయీ తెచ్చి చూపించసాగాడు. అచ్చయ్య గారు తెచ్చినదాన్నల్లా తిప్పి కొట్టసాగాడు. ఒకటి బావి, ఒకటి చేప, ఒకటి అంచు వంకర.

ఈలోగా రేవు దగ్గర సేక్కాన్ పేట నుంచి, పిల్ల తండ్రి దండాసి కబురు పెట్టాడు. "శ్రావణం దాటితే భాద్రపదం శూన్యమాసం. ఈ శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుంటే సరే, నేదంటే మా రాధాకుమారికి వేరే సంబంధం సూసుకుంతాను." రాయి ఒప్పనిదే తాంబూలాలు లేవని ఇక్కడ అచ్చయ్య పంతం. సూరికి రాత్రీ పగలూ తేడా లేకుండా పోయింది.

చివరగా వచ్చిన ఈ రాయితో అచ్చయ్య గారికి పెద్ద చిక్కే వచ్చి పడింది. వాన వెలుగులో చూశాడు, దీపం వెలుగులో చూశాడు, మంచం కింద దూరి చీకట్లో చూశాడు. లోపం కనపడలేదు.

"దొరికిందేటి నాన్నా?" అని సూరి మెట్లమీద నిలబడే అడిగాడు.

"నేదురా. అదే నా అనుమానం."

"లోపం నేకపోతే ఒప్పీసుకోవాల గానీ, మధ్యన అనుమానం ఏటి?"

"లోపం నేని రాయి ఉండదురా గుంటడా. అవుపడ్నేదంటే మరీ లోతున దాక్కుందన్నమాట. ఎండ రానీ, సెప్తాను దాని సంగతి."

"రాయిని సూస్తన్నావా, దొంగని సోదా సేస్తన్నావా?" అంది వంటింట్లోంచి ఆయన భార్య సూరమ్మ.

అప్పుడు మబ్బు విడింది. కిటికీలోకి పలచటి ఎండ దిగింది. అచ్చయ్య గారు చిమటాతో రాయిని పట్టుకుని ఎండకి అడ్డంగా ఎత్తాడు. ఆ రాయి మెరవలేదు, మాట్లాడింది. ఒక్క వెలుగు లోపలికి వెళ్తే ఇరవై వెలుగులు బయటికి వచ్చాయి. ఎరుపు, నీలం, లేత పసుపు మచ్చలు గోడమీద, దోమతెరమీద, ఆయన గడ్డంమీద గంతులేశాయి. ఏ పలకా పక్కపలక వెలుగుని తినెయ్యలేదు. కొలిచి కుట్టిన చొక్కాలా అంచుకి అంచు అతికినట్టు ఉంది. ఎవడు కోశాడో మహానుభావుడు, పన్నుకి గానీ కడుపుకి గానీ ఏ నొప్పీ లేనినాడు కోశాడు. లోపం వెతకడానికి కూర్చున్న మనిషి ఆ సంగతే మరిచిపోయి, రాయిని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

కిటికీ వీధివైపు ఉందన్న సంగతి కూడా మరిచిపోయాడు.

ఆ వీధి మామూలు వీధి కాదు, ఆ రోజులూ మామూలు రోజులు కావు. సర్కారు దిగిపోవాలని ఊరంతా సమ్మె. ఆఫీసులు మూత, రేవు మూత, బస్సులు నిద్ర. సిపాయిలు బ్యారక్సుల్లోకి వెళ్ళిపోయారు, మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. దోపిడీగాళ్ళ భయంతో, అంతకంటే వేగుల భయంతో ఏ వీధికా వీధివాళ్ళు వెదుళ్ళు అడ్డంగా కట్టి కాపలా కాస్తున్నారు. ఆ పూట కాపలా బస్సు కండక్టరు కో మ్యింట్‌ది. ఈటె ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్న అతని కంట్లో రంగురంగుల మెరుపొకటి టక్కున పడింది. ఆరింది. మళ్ళీ పడింది.

"సైగలు! మేడమీంచి ఎవడో సైగలు చేస్తున్నాడు!" అని కో మ్యింట్ కేక పెట్టాడు. బర్మా భాషలోనే అన్నాడు, మనకోసం తెలుగులో చెప్పుకుంటున్నాం.

అపాయమొస్తే గిన్నెలు వాయించాలని వీధి కట్టుబాటు. కో మ్యింట్ పళ్ళెం వాయించాడు. పక్కింటివాళ్ళు బిందె వాయించారు. ఏమిటో తెలియకపోయినా వెనకబడడం ఎందుకని సూరమ్మ కూడా సొంత మూకుడు తీసి, ఆ అపాయం తన మొగుడేనని తెలియక శక్తికొద్దీ వాయించింది. మెరుపు కబురు వీధి చివరికి చేరేసరికి వైర్‌లెస్ అయింది, మలుపు తిరిగేసరికి మింగళాడోన్ విమానాశ్రయంతో మాట్లాడుతున్న ముగ్గురు మనుషులైంది.

కో మ్యింట్, మంగలి బుల్లియ్య, వీధి కాపలా పెద్ద అయిన రిటైర్డు హెడ్మాస్టరు ఊ బా థాన్, వెనక మరో ఇరవైమంది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అచ్చయ్య గారు రాయిని గుప్పిట్లో దాచుకుని కిందికి దిగాడు. నిజం చెప్పడానికి లేదు. చాటుగా రాళ్ళు కొంటే జైలు. ఇంట్లో వజ్రం ఉందని తెలిస్తే దోపిడీ.

"ఊ అచ్చయ్యా, మీ కిటికీలోంచి ఏమిటా మెరుపు?" అన్నాడు హెడ్మాస్టరు, బర్మా మర్యాద ప్రకారం పేరు ముందు 'ఊ' చేర్చి.

అచ్చయ్య నోరు తెరిచేలోగా సూరమ్మ అందుకుంది. "అద్దమండి బాబూ. మాయన గెడ్డం గీసుకుంతన్నారు."

అందరూ అచ్చయ్య గారి వైపు చూశారు. కొడుకు తాంబూలాల దాకా కత్తి తగలనివ్వనని మొక్కుకున్న గడ్డం అది, రొమ్ము దాకా వేలాడుతోంది. మంగలి బుల్లియ్యకి మరీ మండిపోయింది. "వదినా, నా కత్తి మొహం సూసి ఎన్నాళ్ళైందో నాకు తెల్దేటి?"

"అది కాదు, కళ్ళజోడు తుడుచుకుంతన్నారు," అని సూరి అడ్డం వచ్చాడు. కో మ్యింట్ కళ్ళజోడు లాక్కుని ఎండలో తిప్పాడు. దాన్నుంచి ఒక తెల్లమచ్చ తప్ప ఏమీ రాలేదు. "నా కంట్లో పడింది ఏడు రంగులు. దీంట్లో ఒక్కటీ లేదు," అన్నాడు. జనం గుసగుస గట్టిపడింది.

సరిగ్గా అప్పుడే పెద్దరోడ్డు మీద రేవు కూలీల ఊరేగింపు వెళుతోంది. ముందు వరసలో తలకి ఎర్రగుడ్డ కట్టుకున్న దండాసి, వెనక వరసలో సమ్మెలో ఉన్న టీచర్ రాధాకుమారి. తెలుగువాడెవడో వేగు దొరికాడని విని ఇద్దరూ పరుగున వచ్చారు. చూస్తే వియ్యంకుడు కాబోయేవాడు.

"ఓలమ్మ! నువ్వేటి బావా?" దండాసి ముఖం నల్లబడింది. "రేవులో మా ఓళ్ళు పస్తులుండి సమ్మె సేస్తంటే, నువ్వు మేడెక్కి సైగలు సేస్తావా? ఈ కొంపకి నా గుంటనియ్యను. ఇప్పుడే సెప్తన్నాను, సంబంధం నేదు!"

సూరి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, సెప్పీ! నా మీదొట్టు, ఉన్నది సెప్పీ!"

అచ్చయ్య గారు కొడుకు ముఖం చూశాడు, గుప్పిట విప్పాడు. ముడతలు పడ్డ అరచేతిలో శనగబద్దంత రాయి.

కో మ్యింట్ వంగి చూసి తేల్చేశాడు. "చూశారా, అద్దం పెంకు!"

వేగు అంటే ఊరుకున్నాడు. సంబంధం లేదంటే ఊరుకున్నాడు. రాయిని అద్దం పెంకు అనేసరికి అచ్చయ్య గారిలో మొగల్ వీధి లేచి నిలబడింది.

"అద్దం పెంకా? ఏది, ఓ పేపరు ఇలా తే!"

ఆ నెలలో రంగూన్‌లో పేపరుకి కరువు లేదు, వీధికో పత్రిక పుట్టింది. హెడ్మాస్టరు జేబులోంచి ఒకటి తీశాడు. అచ్చయ్య గారు కో మ్యింట్ చేతిలోంచి కళ్ళజోడు లాక్కుని, దాని అద్దం అక్షరాల మీద పెట్టాడు, అక్షరాలు కనపడ్డాయి. వజ్రాన్ని బోర్లించి పెట్టాడు. హెడ్మాస్టరు ముక్కు ఆనించి చూసి, "అక్షరం మాయమైంది!" అన్నాడు.

"సర్కారు సెన్సారు కూడా ఇంత నున్నగా కొట్టెయ్యలేదు," అన్నారెవరో వెనకనుంచి.

"కిందికి పోయే వెలుగుని పోనిస్తే కదా అక్షరం అవుపడతాది? ఇది పోనివ్వదు. అంతా పైకే తెస్తాది. సూడండి!" అంటూ రాయిని ఎండకెత్తాడు. గుంపు మీద రంగులు జల్లుగా పడ్డాయి. కాపలాదారుల బుగ్గలమీద, దండాసి ఎర్రగుడ్డమీద, ఈటె మొనలమీద నీలాలూ కెంపులూ పరిగెత్తాయి. ఇక అచ్చయ్య గారిని ఆపేవాళ్ళు లేకపోయారు. నడుమ నలుపు లేదన్నాడు, చేపకన్ను లేదన్నాడు, ఇలాంటి కోత నా జన్మలో చూడలేదన్నాడు. సగం బర్మా, సగం తెలుగు. ఎవరికి ఏ సగం అర్థమైందో గానీ, ఈటెలు గోడకి చేరేసి వరస కట్టి ఒక్కొక్కరే చూశారు. వరస పక్కవీధి దాకా పాకింది. చివరన నిలబడ్డవాళ్ళు రేషన్ బియ్యం అనుకుని సంచులు తెచ్చుకున్నారు.

"మెరుపు సైగ కాదు, రాయే," అని హెడ్మాస్టరు తీర్పు చెప్పాడు. "ఈ రాయి సంగతి మన పేట దాటి బయటికి పొక్కకూడదు. కాపలా మాది."

దండాసి తల గోక్కున్నాడు. "తప్పైపోనాది బావా. నోరు జారీసినాను."

ఇదే అదను అని సూరికి తోచింది. "అయితే నాన్నా, రాయి ఒప్పినట్టేనా?"

అచ్చయ్య గారు ఉలిక్కిపడ్డాడు. "అబ్బే... అలగని కాదు... ఆ అంచు దగ్గర ఒక్కసారి..."

"లోపం ఉందా?" అని కో మ్యింట్ మళ్ళీ ఈటె అందుకున్నాడు. "అయితే అద్దం పెంకేనా?"

"నోరు ముయ్యి! లోపం ఏటి, ఎక్కడుంది?" అన్నాడు అచ్చయ్య. అనేసి, అన్నది తెలుసుకుని ఆగిపోయాడు.

సూరమ్మ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది. "ఇన్నాళ్ళూ నువ్వు ఎతికింది లోపాన్ని కాదయ్యా. ఒప్పీసుకుంతే రేపట్నించి సూడ్డానికి రాయుండదని నీ బెంగ. నాకు తెల్దేటి?"

అచ్చయ్య గారు రాయి వైపే చూస్తున్నాడు. అంత పెద్ద కన్నూ కొంచెం తడిసింది.

రాధాకుమారి ముందుకొచ్చింది. "మావయ్యా, రాయి నా ఏలికెక్కితే ఎక్కడికి పోతాది? ఎండొచ్చినప్పుడల్లా సెయ్యి సాపుతాను, నీకు కావలసినంత సేపు సూసుకో. అప్పుడు మాత్రం గిన్నెలు తోమమంటే ఒల్లను."

గుంపు గొల్లుమంది. అయినా అచ్చయ్య గారి నోట ఆ ఒక్క మాటా ఊడిపడలేదు. జీవితంలో ఏ రాయినీ ఒప్పుకోని నోరు, అలవాటు లేదు. అప్పుడు కో మ్యింట్‌కి ఆ నెలంతా చేస్తున్న పనే గుర్తొచ్చింది. పిడికిలి ఎత్తి, "ఊ అచ్చయ్య రాయి ఒప్పుకోవాలి!" అని అరిచాడు.

"దో అయే! దో అయే!" అని వీధి వీధంతా అందుకుంది. ఇది మా కోరిక, ఇది మా కోరిక అని. రేవు కూలీలూ అరిచారు, సంచులు పట్టుకున్నవాళ్ళూ అరిచారు, సూరమ్మ మూకుడు వాయిస్తూ అందరికంటే గట్టిగా అరిచింది.

"లోపం నేదు!" అన్నాడు అచ్చయ్య గారు, రెండు భాషల్లోనూ. హెడ్మాస్టరు పెద్దరికం వహించాడు, బుల్లియ్య తమలపాకులు తెచ్చాడు, ఆ గుమ్మంలోనే తాంబూలాలు మారాయి.

ఆ ఏడాది రంగూన్ వీధుల్లో లేచిన డిమాండ్లన్నిటిలోనూ, అడిగిన పూటే నెరవేరింది అదొక్కటే.