గొంగడి వీరుని లాటిను దండయాత్ర

నిజాము రాజ్యము అస్తమించి పదియేండ్లు గడచిన కాలమున, రోళ్లను పగులగొట్టు రోహిణీకార్తె తన సహస్రకిరణఖడ్గములను ఒరనుండి దూసి పాలమూరు సీమపై విరుచుకుపడగా, కుంటలు నెర్రెలై, బావులు బురదలై, తుమ్మచెట్టు సైతము తన నీడను తానే ముడుచుకొని కూర్చున్న మిట్టమధ్యాహ్నమున, ఆత్మకూరుకు మూడు దినముల నడక దూరమందున్న రాళ్లగడ్డ అను నూట పది గడపల మహాసామ్రాజ్యమున ఒక ఘోరసంగ్రామమునకు భేరి మ్రోగెను. జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. ఇది రాజులు చేసిన యుద్ధము కాదు, నా పెనిమిటి చేసిన యుద్ధము.

పెనిమిటి పేరు నోట పలుకరాదంటరు. గని నాయకుని పేరు లేని వీరగాథ తలకాయ లేని గొర్రె అసువంటిది. అందుకే చెంపలేసుకొని ఒక్కపారి చెప్తున్న: గుర్వయ్య. ఇగ నా నోట మల్ల రాదు.

గొంగడియే కవచముగా, దుడ్డుకర్రయే గదాయుధముగా, చత్వారింశన్మేషసేనాధిపతి, అనంగ నలభై గొర్ల ఆసామి అయిన ఆ మహావీరుని సైన్యము ఆ ఎండకు ఎముకలపై తోలు ఆరవేసినట్లు నిలిచి ఉండెను. మా కురుమోళ్లకు పెద్ద బక్కయ్య మామ. ఆయన మంగళారం నాడు మా వాకిట్ల నిలవడి శాసనము చేసెను.

"సోమారం పొద్దుగాల మందలన్ని కృష్ణ ఒడ్డుకు మళ్లుతయి. ఆడ పచ్చిక దొరుకుతది. నడిచేటివి నడుస్తయి, నడువనివి కటికాయనకే. నడిమిట్ల పడితె మోసేటోడు లేడు రా."

"మామా, ఒక్కపూట కడుపునిండ మేస్తె నా గొర్లు మూడు దినాలు నడుస్తయి."

"ఆ ఒక్కపూట గడ్డి యాడుంది రా? నీ నెత్తి మీద మొలిచిందా?"

గడ్డి ఉన్నది. ఒక్క చోట ఉన్నది. ఊరి అవతల, రొమ్మెత్తు రాతిగోడ నడుమ, ఏసు దేవుని పూజ చేసే ఇటలీ సామి గుడి ముంగట రెండు గుంటల జాగల పచ్చగ, మెత్తగ, పెండ్లి పందిట్ల పరిచిన జంపకాన తీరు ఉన్నది. వాళ్ల దేశం యాదికొస్తదని ఆ సామి గిలకబాయి నీళ్లు తోడిపిచ్చి పెంచిండు. దాన్ని మనుషులు తొక్కొద్దు, గొడ్లు మేయొద్దు. అది చూసుకునే గడ్డి! నా బతుకుల తినే గడ్డి చూసిన, కప్పే గడ్డి చూసిన, చూసుకునే గడ్డి చూసుడు అదే మొదలు.

మా ఆయన ఆ గోడకు గడ్డం ఆనిచ్చి, సీతాఫలం బుట్టను చూసిన కోతి తీరు, ఆ హరితదుర్గమును వీక్షించుచుండగా, లోపల వేపచెట్టు కింద వేరొక యుద్ధము జరుగుచుండెను. పాఠము చెప్పేటోడు ఇటలీ సామి. పాఠము తప్పేటోడు ఇన్నయ్య, పద్దెనిమిదేండ్ల పిలగాడు, పెద్దయి గుడి సామి కావాలని వచ్చినోడు. వాండ్ల పూజలన్ని లాటిను భాషల నడుస్తయట. సామి మన తెలుగును పుస్తకాల చూసి నేర్సుకున్నడు, అందుకే కోపమొచ్చినా పురాణం చదివినట్టే తిట్టేటోడు.

"ఓరి మందమతీ! మూడు మాసములుగా నీ శిరస్సుపై విద్యామృతమును కురిపించుచున్నాను, ఒక్క బిందువైనను లోనికి దిగలేదు! ఆరు రూపములే కదా! నేను, నీవు, అతడు, మేము, మీరు, వారు. ఇది వంకర నడకల క్రియ కాదు, సక్రమమైన క్రియ. ఒకటి వచ్చిన వేయి వచ్చును. ఆ గోడ వెలుపల నిలిచిన గొర్రెల కాపరియైనను నీకంటె ముందుగా నేర్చుకొనును!"

గోడ వెలుపలి కాపరికి ఆ మాట శంఖారావము వలె వినబడెను.

"నేర్సుకుంటె గడ్డి మేపుకోనిస్తవా సామీ?"

సామి దిగ్గున తిరిగి చూసి, తన నాభిపర్యంతశ్మశ్రువును, అదే బొడ్డుదాక ఉన్న గడ్డమును, పిడికిట పట్టి ప్రతిజ్ఞ చేసెను.

"ఆదివారము సాయంకాలము రమ్ము. ఆరు రూపములను వరుస తప్పక పలికితివా, నీ మంద నా గడ్డిని మేయును. తప్పితివా, ఇక ఈ గోడకు నీ గడ్డము ఆనరాదు!"

ఇన్నయ్య గోడ మీదికి వంగి ఆ ఆరు బాణములను మా ఆయన చెవిలో వేసెను: ఆమో, ఆమాస్, ఆమాత్, ఆమాముస్, ఆమాతిస్, ఆమాంత్.

ఇగ చూడు. అన్నం ముంగట ఆమాస్, తాడు పేనుకుంట ఆమాత్. మూడోది నోట్లకొచ్చేసరికి మొదటిది జారిపోవుడు. ఊరోళ్లు అది వాన మంత్రమనుకున్నరు. మా పక్కింటి శ్యామలమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల మీద పోసి మొక్కింది, బాయిల నీళ్లు లేనినాడు! మనకు సమజ్ కాని మాట ఎవడు గొణిగినా మంత్రమే గద. సమజ్ అయ్యేటట్టు చెప్తె వాణ్ని ఎవడు పట్టించుకుంటడు?

నేనే అడిగిన. "గంతసేపటి సంది గొణుగుతున్నవు. దాని అర్థమేంది?"

"నేను ప్రేమిస్తున్న, నువ్వు ప్రేమిస్తున్నవు, వాడు ప్రేమిస్తున్నడు..."

"ఎవల్ని?"

"ఎవల్ని లేదే. ఊకెనే."

"పదకొండేండ్ల కాపురంల నాకొక్కనాడు చెప్పకపోతివి. ఇయ్యాల గొర్ల ఎనుక తిరుక్కుంట ఆరు తీర్ల చెప్పవడితివా?"

"గొర్లు బతుకాలంటె చెప్పాలె గదనే!"

శుక్కురారం పొద్దుగూకంగ ఆ వీరునికి జ్ఞానోదయమాయెను. మా తాన గొర్లను దొడ్లెకు తోలేటప్పుడు కడి, అంటె దొడ్డి వాకిలి తడక, కొద్దిగనే తెరుస్తం. సందుల నుంచి ఒక్కొక్కటి పోతది, కాపరి ఒక్కొక్కదాన్ని ఎంచుతడు. ముందర పోయేటివి దినాం ఒక్క వరుసనే పోతయి: బొల్లిది, నల్లది, చుక్కలది, మొండి చెవులది, ఎర్రది, కుంటిది. ఆ సాయంత్రం బొల్లిది సందుల దూరంగనే "ఆమో" అన్నడు, నల్లది దూరంగనే "ఆమాస్" అన్నడు. కుంటిది కుంటుకుంట దూరేసరికి "ఆమాంత్" దానంతటదే నోట్ల నుంచి దూకింది. మూడు నెలల సంది ఇన్నయ్య తలకాయకెక్కని విద్య, కడి సందుల నుంచి ఒక్క పూటల లోపటికొచ్చింది.

అంతటితో ఊకున్నడా? మాటకు ముందర మొండెం, ఎనుక తోక ఉంటదని కనిపెట్టి, ఆ తోకలు తెంపి దొరికినదానికల్లా తగిలిచ్చుడు మొదలుపెట్టె. "అంబలో, అంబలాస్, అంబలాత్..."

"ముందుగాల అంబలి తాగు. తోకలు తర్వాత పెడుదువు," అన్న.

ఆదివారమాయెను. సూర్యుడు రక్తవర్ణుడై పడమటి గుట్టపై మోకాళ్లూనగా, నలభై గొర్ల చతురంగబలము వెంట నడువ, బక్కయ్య మామ మొదలుకొని ఊరంతయు గోడపై తలకాయలు పేర్చుకొని చూచుచుండ, మా ఆయన ఆ దుర్గద్వారమున నిలిచెను.

"సామీ, జర గేటు సందంత తెరువు. నా ఆరు గొర్లు లోపటికి పోవాలె. అవ్విటిని చూసుకుంటెనే నాకు చెప్పవస్తది."

సామికి ఆ విద్యావిధానము విచిత్రముగా తోచి గేటు మూరెడు తెరిచిండు. అక్కడనే దెబ్బ తగిలెను. దొడ్లె ఏముంటది? ఎండుపెంట. ఇక్కడ పచ్చగడ్డి! ఆ వాసన సోకినంతనే, దినాం చివరన పోయే కుంటిది, మూడు కాళ్లతో గరుత్మంతుని వలె ఎగిరి అందరికన్న ముందు లోపటికి దుమికెను. మా ఆయన సత్యవంతుడు. ఏది దూరితే అదే పలికెను.

"ఆమాంత్!"

ఇన్నయ్య కిసుక్కున నవ్విండు. ఎనుకనే ఎర్రది, ఆ తర్వాత బొల్లిది. "ఆమాతిస్! ఆమో! ఆమాముస్..."

"తప్పు!" సామి గర్జించెను. "తలక్రిందులు! కలగాపులగము!"

"తప్పు నాది కాదు సామీ, ఆకలిది. ఆరు లోపటికి పోయినయా లేదా? మందల ఒక్కటి తక్కువైతె తప్పు. ఏది ముందర పోయింది, ఏది ఎనుక పోయిందని ఎవడన్న కొట్లాడుతడా?"

"నేను కొట్లాడుదును! వరుసయే విద్య!"

"ఇగ నడువు రా," గోడ మీద నుంచి బక్కయ్య మామ అన్నడు. "కటికాయనకు కబురు చేస్త."

మా ఆయన గేటు ఇనుపకమ్మి గట్టిగ పట్టుకున్నడు.

"ఇంకొక్కపారి సామీ. నీకిష్టమొచ్చిన కొత్త మాటియ్యి. గొర్లొద్దు, ఏమొద్దు."

సామి గడ్డము నిమిరెను. ఆయన కళ్లల్ల కొంచెం కుశాల కనవడ్డది, కొంచెం విషం కనవడ్డది. "లౌదో," అనెను. "నేను స్తుతించుచున్నాను. ఇది ఇన్నయ్యకే ఇంకను చెప్పలేదు."

మా ఆయన కండ్లు మూసుకున్నడు. ఆయన లోపల కడి తెరుచుకున్నది, ఒక్కొక్క గొర్రె సందుల నుంచి పోతాంది, పెదవులు కదులుతున్నయి. గోడ మీద నూరు తలకాయలు ముందుకు వంగినయి.

"లౌదో," అన్నడు. "లౌదాస్. లౌదాత్." జర ఆగిండు. మొండి చెవులది ఎప్పుడూ సందుల నిలవడి ఎనుకకు చూస్తది, దాన్ని అదిలించినట్టు నాలుకతోని "ట్చ ట్చ" అన్నడు. "లౌదాముస్! లౌదాతిస్!" కుంటిది కొరకు చూసిండు. అది వచ్చింది. "లౌదాంత్!"

సామి ఇన్నయ్య మొకం చూసిండు, గడ్డి మొకం చూసిండు, నిట్టూర్చిండు. తన చేత్తోని గేటు బార్ల తెరిచిండు. ఆడిన మాట తప్పలేదు, ఆ గొప్పతనం ఒప్పుకోవాలె. కుర్చీ ఏయించుకొని కూసోని, మిగిలిన ముప్పై నాలుగు గొర్లు చొరవడంగ చూసుకుంట కూసున్నడు. కరకర, కరకర. పొద్దు మునిగేసరికి ఆ రెండు గుంటలు అప్పుడే గొరిగిన నెత్తి తీరు నున్నగైనయి. ఆ గడ్డికి గడ్డి పని దొరుకుడు అదే మొదలు.

ఇన్నయ్య మెల్లగ మా ఆయన పక్కకొచ్చిండు. "గా తోకల సంగతి నాకు గూడ జర చెప్పు మామా."

"గొర్లున్నయా నీకు?"

"లేవు."

"మరెట్లొస్తది బిడ్డా?"

తెల్లారి సోమారం, నలభైకి నలభై కాళ్ల మీద లేచినయి. కుంటిది గూడ. మూడో నాటి పొద్దుగూకంగ కృష్ణల మూతి పెట్టినయి.

దిక్కులారా, వినుండి! గొంగడిధరుడు, చత్వారింశన్మేషరక్షకుడు, షట్పుచ్ఛవిద్యావిశారదుడు జయించెను! ఏమి జయించెను? ఒక్కపూట మేత. చక్రవర్తులు తమ జయస్తంభములను రాతితో నిలుపుదురు. నా పెనిమిటి జయస్తంభములు రాళ్లగడ్డ నుంచి కృష్ణ ఒడ్డుదాక, మూడు దినాల బాట పొడుగున, పచ్చపచ్చని పెంటికలై రాలినవి.