సీతాకోకకు జ్వరం

శనివారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతూ కళ్ళజోళ్ళాయన మర్నాటి ప్రసంగాన్ని మనసులో ఒకసారి నెమరు వేసుకున్నాడు. ఆరాధన అయ్యాక తల్లిదండ్రులందరితో ఆయనే మాట్లాడాలి. పిల్లలు ఇంటర్నెట్టులో చెడ్డవాళ్ళ వలలో పడకుండా విశ్వాసులైన అమ్మానాన్నలు ఏం చేయాలన్నది విషయం. చర్చిలో మైకు మొరాయిస్తే బాగుచేసేది ఆయనే కాబట్టి ఇంటర్నెట్టు సంగతీ ఆయనకే తెలుస్తుందని పాస్టరుగారు తీర్మానించారు.

"మా అమ్మాయినే చూడండి. ముక్కూమొహం తెలియనివాళ్ళు పలకరిస్తే నేరుగా వచ్చి మాకు చెబుతుంది" అని ప్రసంగం ముగించాలని ఆయన కోరిక. అయితే గోడ మీది అక్షరాలు చదివించకుండా ఎవరికీ అద్దాలివ్వని మనిషాయన. పరీక్షించని మాట చర్చిలో ఎలా చెప్పడం?

అందుకని బేరాలు లేని వేళ చూసి, పిల్లలు తాము వేసిన బొమ్మలు పెట్టుకునే యాప్‌లో 'సీతాకోక' అనే పేరుతో ఖాతా తెరిచాడు. వయసు పన్నెండని వేశాడు. వేసేటప్పుడు మనసు పీకింది గానీ, మంచి పనికేగా అని సర్దిచెప్పుకున్నాడు. ఇంట్లో చిట్టి అని పిలుచుకునే కూతురు వేసిన, గొడుగు పట్టిన ఏనుగు బొమ్మ వెతికి పట్టుకున్నాడు.

"నీ ఏనుగు చాలా బాగుంది. కానీ గొడుగు మరీ చిన్నదైపోయింది," అని రాశాడు.

"గొడుగు ఏనుగుకి కాదు. చీమకి. చీమ కనపడలేదా?" అని జవాబు వచ్చింది.

ఆయన ఫోను ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూశాడు. నిజమే, గొడుగు కింద ఒక చీమ తలెత్తి ఏనుగును చూస్తోంది. వారం రోజులుగా ఆ బొమ్మ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి ఆ చీమ కనపడలేదు. పరీక్ష సంగతి మరిచిపోయి, చీమకీ ఏనుగుకీ స్నేహం ఎలా కుదిరిందని అడిగాడు. చిట్టి పెద్ద కథే చెప్పింది. అంతా చదివాక గుర్తొచ్చి, నిట్టూర్చి, అసలు ప్రశ్న వేశాడు.

"మీ ఇల్లెక్కడ? మీ నాన్న లేనప్పుడు వస్తాను."

అంతే, అటునుంచి చప్పుడు లేదు. కాసేపటికి భార్య ఫోను చేసింది. ఆవిడ చర్చిలో పాటలు పాడే మనిషి. ఆ గొంతుకు ఫోను అవసరం కూడా అంతగా ఉండదు.

"ఏవండీ, మన చిట్టిని ఎవడో ఇల్లెక్కడని అడుగుతున్నాడట. నాన్న లేనప్పుడు వస్తాడట. పిల్ల వెంటనే తెచ్చి నాకు చూపించింది."

కళ్ళజోళ్ళాయన ఛాతీ ఉప్పొంగింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేసరికి, పరీక్ష కుర్చీలో కూర్చున్న ముసలావిడ, "నాయనా, ఇది సున్నానా, పూర్ణచంద్రుడా?" అంది.

"ఒక్క నిమిషంలో చేస్తానే," అని ఫోను పెట్టేశాడు. కొంప ముంచింది ఆ నిమిషమే.

ముసలావిడ చివరి వరస చదివేలోగా ఆయన భార్య సండే స్కూలు టీచరుకు చెప్పింది, టీచరు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. ఎన్నిసార్లు ఫోను చేసినా ఇంటి లైను దొరకలేదు. ఇంతలో విరిగిన కళ్ళజోడు పట్టుకుని ఒక బస్సు డ్రైవరు వచ్చాడు.

"విన్నారా సార్, పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాడు తిరుగుతున్నాడట. ఆరడుగుల మనిషట. నల్ల కారట. మారుపేరు సీతాకోక."

పాత స్కూటరు తప్ప వేరే బండి ఎరగని కళ్ళజోళ్ళాయన ఆ విరిగిన జోడును తలకిందులుగా పట్టుకుని బిగించసాగాడు. ఆ వెంటనే పాస్టరుగారి ఫోను.

"అయ్యగారూ, ఆ సీతాకోక సంగతి నేనే..."

"మీరే చూసుకుంటారని నాకు తెలుసు బ్రదర్. మీ మామగారికి కూడా కబురు పెట్టాను. మీ ఇంట్లోనే కలుద్దాం."

మామగారు పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అల్లుడి మీద తన అభిప్రాయం ఏమిటో ఆయన ఇన్నేళ్ళలో నోటితో చెప్పలేదు. చూపుతో సరిపోయింది. కళ్ళజోళ్ళాయన ఇల్లు చేరేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని మనవరాలి ట్యాబ్ మీద ఒంటి వేలితో పొడుస్తున్నారు.

"రా అల్లుడూ. వాడికి వల వేస్తున్నాను. పార్కు గేటు దగ్గరికి రమ్మన్నాను."

అల్లుడి చొక్కా జేబు గుర్రుమంది.

"దుకాణం నుంచి ఫోను," అంటూ ఆయన స్నానాల గదిలోకి దూరి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, "నాకు జ్వరం. రాలేను," అని కొట్టాడు. దాంతో పీడ విరగడవుతుందనుకున్నాడు.

బయటికొచ్చేసరికి చర్చ జోరుగా ఉంది.

"జ్వరమట. దొంగవెధవ," అన్నారు మామగారు.

"నిజంగా చిన్నపిల్లేమో నాన్నా. జ్వరంతో ఉన్న పిల్లని హడలగొడుతున్నామేమో," అంది భార్య.

పాస్టరుగారు ఇద్దరికీ సర్దిచెప్పి ప్రార్థన చేశారు. చిన్నపిల్లయితే ఆ జ్వరం తగ్గాలని, దుర్మార్గుడైతే బుద్ధి వచ్చేదాకా పెరగాలని. కళ్ళజోళ్ళాయన రెండింటికీ ఆమెన్ అనవలసి వచ్చింది. అన్నాక ఒళ్ళు కొంచెం వెచ్చబడ్డట్టు కూడా తోచింది.

"ప్రార్థన అయింది కాబట్టి ఇక స్టేషనుకు పోదాం. ఏ ఫోనో వాళ్ళే పట్టేస్తారు," అని మామగారు లేచారు.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న చిట్టి బావురుమంది.

"వద్దు తాతయ్యా. తప్పుగా అడిగింది, అందుకే అమ్మకు చెప్పాను. కానీ చీమ గురించి అడిగింది ఆ పిల్లొక్కతే. తనని పోలీసులు పట్టుకుపోతే నావల్లే కదా."

ఇక తేలు కుట్టిన దొంగలా ఉండటం ఆయన వల్ల కాలేదు. జేబులోంచి ఫోను తీసి, ట్యాబ్ పక్కన పెట్టాడు.

"సీతాకోక నేనే," అన్నాడు.

మామగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అల్లుణ్ణి నిదానంగా చూశారు.

"జ్వరం ఉందా?"

"ఇప్పుడే వచ్చింది మామయ్యగారూ."

పాస్టరుగారు ఎందుకో కిటికీ వైపు తిరిగి దగ్గారు. భార్య గ్రూపులో ఆరడుగుల మనిషిని ఎలా పొట్టి చేయాలా అని ఫోను పట్టుకుని కూర్చుంది. చిట్టి మాత్రం కళ్ళు తుడుచుకుని తండ్రి ముందు నిలబడింది.

"వేరే పేరు పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకూడదని నువ్వే కదా నాన్నా చెప్పావు?"

"చెప్పానమ్మా. తప్పు నాదే. నన్ను క్షమించు."

"మరి బొమ్మ బాగుందన్నావు. అది కూడా పరీక్షేనా?"

"కాదు తల్లీ. అదొక్కటీ నిజం."

"అయితే ఇంట్లోనే చెప్పొచ్చుగా."

ఆయన ఫ్రిజ్ మీది బొమ్మ తీసి తెచ్చి, కుర్చీ లాక్కుని, చీమ కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నాడు. చిట్టి కాసేపు బెట్టు చేసింది. తర్వాత, సీతాకోకకు చెప్పని సంగతులు కూడా కలిపి చెప్పింది. అంతా విన్న పాస్టరుగారు వెళ్తూ వెళ్తూ ప్రసంగం మాత్రం రేపే ఉంటుందని, అయితే మాట్లాడేది తండ్రి కాదని తేల్చేశారు.

ఆదివారం నాడు చిట్టి మైకు దగ్గర నిలబడింది. తండ్రి మైకును ఆమె ఎత్తుకు దించి, పక్కకు తప్పుకున్నాడు.

"పిల్లలూ, ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే వెంటనే ఇంట్లో చెప్పండి," అంది చిట్టి. "అమ్మానాన్నలూ, మేము ఎవరితో మాట్లాడుతున్నామో చూడాలంటే మమ్మల్నే అడగండి. పక్కన కూర్చోండి, చూపిస్తాం. దొంగ పేర్లతో మాత్రం రాకండి. మాకు భయమేస్తుంది."

వెనక బెంచీల్లో కొందరు నాన్నలు తలలు వంచుకుని, ఫోన్లు తీసి, ఏవో ఖాతాలు హడావిడిగా మూసుకోసాగారు. ముందు వరసలో కూర్చున్న మామగారు అల్లుడి వైపు కొద్దిగా వంగి, తన ఫోను చూపించి, అది మూయడానికి ఎక్కడ నొక్కాలని మెల్లగా అడిగారు.