శాంతికుమార్ గారి రెండో సాక్ష్యం

ఆగండి. ఆ పెరుగన్నం పక్కకు తోసేసి ఉడకబెట్టిన గుడ్డు కోసం అప్పుడే లేవకండి. ముందు మా బోయిగూడ చర్చిలో జరిగింది వినండి. తర్వాత మీ ఇష్టం, మీ పొట్ట.

మా చర్చి నోటీసు బోర్డు మీద ఒక ఆదివారం ఈ ప్రకటన వెలువడింది: "సంఘస్థులందరికీ తెలియజేయునది ఏమనగా, అన్నము అను పదార్థము సంఘ క్షేమమునకు ఆటంకముగా ఉన్నందున ఇకమీదట ప్రేమ విందులలో వడ్డించబడదు. ఇట్లు, పాస్టరేట్ కమిటీ." కింద సెక్రటరీ జెఫ్రీ సంతకం, ఆఫీసు ముద్ర. చదివినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరూ నవ్వలేదు. అన్నం మానేయడంలో నవ్వడానికి ఏముంది?

దీనంతటికీ మూలం శాంతికుమార్ గారి మోకాళ్లు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, అరవై ఒకటో ఏట నూట ఎనిమిది కిలోలు. మా చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఉంటుంది. అందరూ బల్ల ముందుకెళ్లి మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. శాంతికుమార్ గారు మాత్రం ఆరేళ్లుగా వరస చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే, పాస్టరు అయ్యగారే రొట్టె ఆయన దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు. ఆయన భార్య ప్రిసిల్లా గారు ముందుకెళ్లి ఒక్కరే మోకరించేవారు, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. ముప్పై మూడేళ్ల కింద అదే బల్ల ముందు ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ ఖాళీ చోటులోకి ఎవరైనా జరగబోతే ఆవిడ ఒక చూపు చూసేవారు, వాళ్లు మళ్లీ వెనక్కి జరిగేవాళ్లు.

పదిహేను కిలోలు తగ్గితే అప్పుడు మోకాళ్ల సంగతి చూద్దామని ఎముకల డాక్టరు చెప్పాడు. ఇంకొకసారి ఆమె పక్కన మోకరిస్తే చాలు, ఆ తర్వాత ఏమైనా ఫరవాలేదని శాంతికుమార్ గారు మనసులో అనుకున్నారు. ఎవరో చెబితే అన్నం, రొట్టె, దుంపలు, పండ్లు మానేసి గుడ్లు, కోడి, వెన్న మొదలుపెట్టారు. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు.

మా చర్చిలో మేలు జరిగితే సాక్ష్యం చెప్పాలి. జ్వరం తగ్గినా, వీసా వచ్చినా, పోయిన స్కూటర్ దొరికినా మైకు ముందుకు రావాల్సిందే. ఆయనా వచ్చి తొమ్మిది కిలోల సాక్ష్యం చెప్పి, కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. మాట్లాడింది రెండు నిమిషాలు. చప్పట్లు నాలుగు నిమిషాలు.

వచ్చే ఆదివారానికల్లా నలభై రెండు కుటుంబాలు అన్నం విడిచిపెట్టాయి. సండే స్కూల్లో కంఠత వాక్యం తప్పుల్లేకుండా చెప్పిన పిల్లలకు చాక్లెట్ బదులు గుడ్డు ఇచ్చారు. ఆరాధన అయ్యాక ఇచ్చే టీలో చక్కెర పోయి వెన్న వచ్చింది. వందనాలు చెప్పుకున్న వెంటనే నిన్న కడుపులో ఎన్ని గ్రాముల కార్బ్, అంటే పిండి పదార్థం, పడిందని అడగడం మర్యాదైంది. సంస్కారం రొట్టె ముక్కలో కార్బ్ ఎంత ఉంటుందో తెలుసుకోవాలని ఒక పెద్దాయన కమిటీకి అర్జీ పెట్టుకున్నాడు. ముక్క గోరంత కూడా ఉండదని అయ్యగారు ఓపిగ్గా రాతపూర్వకంగా జవాబిచ్చారు. గల్లీ మొదట్లో చికెన్ షాపు నడిపే పర్వతాలు అనేవాడు, అమ్మకం మూడింతలైన సంతోషంలో శాంతికుమార్ గారి ఫోటో కట్టించి తన దేవుళ్ల పక్కన పెట్టి బంతిపూల దండ వేశాడు. బతికున్న మనిషికి అలా వేయరని ప్రిసిల్లా గారు స్వయంగా వెళ్లి చెబితే, చాలా బాధపడి దండ తీసేసి సీరియల్ బల్బులు చుట్టాడు.

చర్చి గేటుకు జెఫ్రీ ఫ్లెక్సీ కట్టించాడు. ఎడమ వైపు "అప్పుడు", కుడి వైపు "ఇప్పుడు", రెంటిలోనూ శాంతికుమార్ గారు, మధ్యలో జెఫ్రీ ఇద్దరికంటే పెద్దగా.

ఆ ఫ్లెక్సీ ఆరేసరికి ఆయన బరువు తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. నెల ఆగింది. తర్వాత నెమ్మదిగా నూట రెండుకు ఎక్కింది. తల నొప్పి, నోటి వాసన, ఉదయం బాత్రూంలో గంటసేపు నిరీక్షణ. చివరిదాన్ని గురించి ప్రార్థన అంశంగా ఇవ్వలేక ఆయన లోలోపలే కుమిలిపోయారు. కూతురు అక్సా ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటుంది. తండ్రి ముఖం చూసి ఒకరోజు గట్టిగానే చెప్పింది: మాంసం, గుడ్లు, నూనె, నెయ్యి అన్నీ పక్కన పెట్టి, కడుపునిండా అన్నం, పప్పు, ఉడికించిన బంగాళదుంపలు, కూరగాయలు తిని మూడు నెలలు చూడమంది. ఇదివరకు తినొద్దన్నదే ఇప్పుడు తినమనడమేమిటని ఆయన అడిగితే, ఇదివరకు చెప్పింది తాను కాదని గుర్తుచేసింది.

బోయిగూడలో అన్నం తినడం కుదరదు. కుక్కర్ విజిల్ వేస్తే పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చే రోజులవి. అందుకని శాంతికుమార్ గారు రోజూ మధ్యాహ్నం ఫిజియోథెరపీ అని చెప్పి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సెక్కేవారు. కూతురింట్లో కర్టెన్లు వేసుకుని, పళ్లెం ముందు తలవంచి ప్రార్థన చేసి, నూనె చుక్క లేని పప్పన్నం తినేవారు. పెళ్లయిన ముప్పై మూడేళ్లలో ప్రిసిల్లా గారికి ఆయన చెప్పిన మొదటి అబద్ధం ఇదే. ఆవిడకు మొదటిరోజే తెలిసింది. రెండో రోజు నుంచి, రాత్రికి కూడా తెచ్చుకోమన్నట్టు, బ్యాగులో ఖాళీ స్టీలు డబ్బా పెట్టి పంపేవారు, ఏమీ అడగకుండా.

బరువు దిగడం మొదలైంది. తొంభై ఎనిమిది, తొంభై ఆరు, తొంభై నాలుగు. ఆయన సన్నబడుతున్న కొద్దీ చర్చిలో గుడ్ల మీద భక్తి పెరిగింది. జెఫ్రీ ఫ్లెక్సీ మార్పించి "ఇప్పుడు" పక్కన "ఇంకా ఇప్పుడు" అని మూడో ఫోటో వేయించాడు.

ఇంతలో శ్రమ దినాలు వచ్చాయి. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మా వాళ్లు మాంసం మానేస్తారు, తాతల కాలం నుంచి. ఇప్పుడు మాంసం మానేస్తే తినడానికేముంది? కమిటీ రెండు రోజులు చర్చించి, త్యాగం అనేది ప్రియమైనదాన్ని విడిచిపెట్టడమే కనుక, తెలుగువాడికి అన్నం కంటే ప్రియమైనది లేదు కనుక, ఈ ఏడాది నలభై రోజులు అన్నాన్ని త్యాగం చేయాలని తీర్మానించింది. ఆరు నెలల కిందే మానేసినదాన్ని దేవుడి కోసం మానేస్తున్నామని రెండు వందల పది మంది సంతకాలు చేశారు. అంత సులువుగా త్యాగం చేసిన సంఘం ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదని జెఫ్రీ తన ప్రసంగంలో అన్నాడు, కళ్లనీళ్లతో.

శ్రమ దినాల్లో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థనకు గృహ కూటాలు పెట్టడం కూడా మా ఆనవాయితీ. మూడో బుధవారం వంతు అక్సా ఇంటిది, సాయంత్రం ఏడింటికి. ఎండలు పెరిగాయని, వానొచ్చేలా ఉందని రెండు కారణాలూ కలిపి చెబుతూ జెఫ్రీ ఆ కూటాన్ని మధ్యాహ్నం రెండింటికి మార్చి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రోజుకు ముప్పై ఆమ్లెట్ వీడియోలు వస్తున్నాయని శాంతికుమార్ గారు, అక్సా ఆ గ్రూపును ఎప్పుడో మ్యూట్ చేసి ఉన్నారు.

మా సంఘ చరిత్రలో మొదటిసారి ముప్పై ఐదు మంది టైముకు వచ్చారు. పాటల పుస్తకాలతో లోపలికి నడిచారు. డైనింగ్ టేబుల్ దగ్గర శాంతికుమార్ గారు, ఆయన ముందు కొండలా అన్నం, దాని పక్కన నాలుగు ఉడికించిన బంగాళదుంపలు.

వెనక వస్తున్నవాళ్లు ముందున్నవాళ్ల వీపులకు గుద్దుకుని ఆగారు.

"ఏందంకుల్ ఇది?" అన్నాడు జెఫ్రీ, చాలా మెల్లగా.

"అన్నం నాయనా."

"నాకు కనబడుతుంది. ఎన్ని దినాల సంది?"

"పదకొండు వారాలు. ముందు గుడ్లతో తొమ్మిది తగ్గాను, మూడు ఎక్కాను. దీంతో ఎనిమిది తగ్గాను. చెబుదామనుకుంటూనే ఉన్నా, నువ్వు ఫ్లెక్సీ మీద ఫ్లెక్సీ కట్టిస్తుంటే నోరు రాలేదు."

చర్చిలో ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి ప్రెసిడెంటు దేవకృప గారు పళ్లెం వైపు చూడలేదు. ఆయన నడుం వైపు చూశారు. బెల్టుకు సొంతంగా మేకుతో కొట్టుకున్న మూడు కొత్త రంధ్రాల వైపు చూశారు. "అన్నయ్యా, కడుపునిండ తిని తగ్గిర్రా? ఆకలి సుత లేకుండనా?" అని అడిగారు. గుడ్ల మీద ఏడు నెలలున్న మనిషి గొంతు అది. ఆమె వెనక ఉన్న పదిహేను మంది ఒక్కసారే గుటక వేశారు.

ఆ బుధవారం ప్రార్థన జరగలేదు. అన్నం అయిపోయింది.

శాంతికుమార్ గారు ఇంకొకసారి సాక్ష్యం చెబుతానన్నారు. కమిటీ ఇరుకున పడింది. సాక్ష్యం చెప్పడానికి పద్ధతి ఉంది గానీ చెప్పిన సాక్ష్యాన్ని సవరించడానికి మా నిబంధనల్లో ఎక్కడా లేదు. ఎజెండాలో నాలుగో అంశంగా "పూర్వ సాక్ష్య సవరణ" అని చేర్చి రెండున్నర గంటలు మాట్లాడారు. మొదటి సాక్ష్యానికి కొట్టిన చప్పట్లను ఏం చేయాలన్నది తేలలేదు. ఆఖరికి అయ్యగారు, నిజం చెబుతానన్న మనిషిని ఆపడానికి కూడా నిబంధన లేదని గుర్తుచేస్తే ఒప్పుకున్నారు.

ఆదివారం ఆయన మైకు ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పారు. "మొదట నేను చెప్పింది అబద్ధం కాదు, సగం. ఇప్పుడు చెప్పేదీ నా ఒంటి సంగతే. షుగరున్నవాళ్లు, మందులు వాడేవాళ్లు నన్ను చూసి ఏదీ మొదలుపెట్టకండి, ఏదీ మానకండి. మీ డాక్టర్ని అడగండి. నాకు మోకాళ్లు వంగాలి, అంతే. నా కోరిక అదొక్కటే."

ఇందులో "ఆకలి లేకుండా" అన్నది ఎక్కడా లేకపోయినా సగం మందికి అదే వినబడింది. మిగతా సగానికి ద్రోహం వినబడింది. డాక్టర్ని అడగమన్న మాట రికార్డింగులో స్పష్టంగా ఉంది. విన్నవాళ్లే లేరు.

సాయంత్రానికి స్త్రీల మైత్రి అత్యవసర సమావేశం జరిపి పిండి పదార్థాలను పునరుద్ధరించింది. నూనె వద్దన్న సంగతి చిన్న వివరమే కనుక పక్కన పెట్టారు. మిర్చి బజ్జీ మొక్కల నుంచే వస్తుంది, సమోసాలో ఉన్నది ఆలుగడ్డే, ఉస్మానియా బిస్కట్ గోధుమ పంట. రెండు వారాల్లో ఈ పంటలతో దేవకృప గారు నాలుగు కిలోలు పెరిగారు. అది ఒంట్లోని గుడ్లు బయటికి పోయే ముందు వచ్చే వాపని ఆవిడ సర్క్యులర్ పంపారు. పర్వతాలు ఫోటో చుట్టూ బల్బులు ఆర్పేశాడు గానీ, ఏమవుతుందో ఏమోనని ప్లగ్గు మాత్రం తీయలేదు.

చర్చి గేటుకు ఇప్పుడు రెండు ఫ్లెక్సీలు. కుడి వైపు జెఫ్రీది, ఎడమ వైపు దేవకృప గారిది. రెండింట్లోనూ ఒకే ఫోటో, అదే నవ్వు, అదే చొక్కా. ఎనిమిదింటి ఆరాధన గుడ్లవాళ్లది, పదిన్నరది దుంపలవాళ్లది అని ఎవరూ నిర్ణయించలేదు, అలా అయిపోయింది. రెండు ఫ్లెక్సీల మధ్య నుంచి ప్రతి వారం లోపలికి నడిచే శాంతికుమార్ గారిని మోకాలెలా ఉందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పెద్ద విషయాలు చాలా ఉన్నాయి మరి.

ఈస్టర్ ముందు వారం ఆయన తొంభై రెండుకు వచ్చారు. డాక్టరు మోకాలు వంచి చూసి, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నాడు. మోకరించవచ్చా అని ఈయన అడిగితే, మోకరించడం తన బాధ్యత కాదు గానీ, లేచేటప్పుడు ఎవరినైనా పట్టుకోమన్నాడు.

ఈస్టర్ రోజు రెండు వర్గాలకూ కలిపి ఒకే ఆరాధన. సంస్కారం వేళకు ప్రిసిల్లా గారు ఎప్పటిలా ముందుకెళ్లి, పక్కన చోటు వదిలి మోకరించారు. శాంతికుమార్ గారు కుర్చీలోంచి లేచారు. బల్ల అంచు పట్టుకుని, ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడి మోకాలు ఆనించి ఆ ఖాళీ చోటులో మోకరించారు. ప్రిసిల్లా గారు తల తిప్పలేదు, భుజం మాత్రం ఆయన భుజానికి తగిలేలా జరిగారు.

రొట్టె అయ్యింది, ద్రాక్షరసం అయ్యింది, శాంతి సమాధానాలతో వెళ్లమని అయ్యగారు చెప్పారు. వరసంతా లేచింది. శాంతికుమార్ గారు లేవలేకపోయారు. ప్రిసిల్లా గారు ఒక్కరే పట్టి లేపితే ఆయన కదల్లేదు. ఆయన రెండు చేతులూ కొంచెం పైకెత్తారు.

కుడి చెయ్యి జెఫ్రీ పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి దేవకృప గారు పట్టుకున్నారు. ఇద్దరూ లేపలేదు.

"అంకుల్, ఒక్క మాట చెప్పుండ్రి, అందరు వింటున్నరు. మొదటి తొమ్మిది కిలోలు తగ్గకపోతే మోకాలు వంగునా?"

"గా తొమ్మిది గాదన్నయ్యా, ఆఖరి పది సంగతి చెప్పుండ్రి. గది చెప్తే లేపుతం."

"నన్ను లేపండమ్మా ముందు," అన్నారు శాంతికుమార్ గారు.

వెనక వరసలో నలభై మంది ఫోన్లు పైకెత్తి జవాబు కోసం ఆగారు. ప్రిసిల్లా గారు తిరిగి ఆ వరస వైపు చూశారు, ఎవరైనా ఒక్కరు వస్తారేమోనని. ఆ వరసలో మీరూ ఉన్నారు, పోయిన నెల అన్నం మానేసి, ఈ నెల మళ్లీ మొదలుపెట్టి, ఏది సరైందో తెలియక. జవాబు ఆయన నాలుక చివర ఉంది, ఆయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారు. మీరైతే ఏం చేస్తారు?