రుజువుల రావు ఆదివారం

నరసరావుపేట ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మల్లికార్జునరావుకు పిల్లలు పెట్టిన పేరు రుజువుల రావు. పాలు పొంగాయని భార్య అరిస్తే, పొంగుతాయని ముందే రుజువైందా అని అడిగే రకం.

ఆ ఆదివారం శావల్యాపురంలో ఎడ్ల బండలాగుడు పందెం. చిన్ననాటి స్నేహితుడు త్రికోటేశ్వరరావు జత మొదటిసారి బరిలోకి దిగుతోంది. "నువ్వు రాకపోతే ఎడ్లు కూడా చిన్నబుచ్చుకుంటయ్యిరా" అన్నాడు వాడు. రావు ప్రాణమంతా అక్కడే ఉంది. కానీ ఇంట్లో అదే రోజు పండుమిరప పచ్చడి. బొల్లాపల్లి నుంచి అత్తగారు మల్లీశ్వరమ్మ ముందురోజే కాయల బస్తాతో దిగింది. వెంట వచ్చిన మామగారు వెంకట్రామయ్య మూల చాప మీద కూర్చుని, తలెత్తకుండా వెల్లుల్లి వలుస్తున్నాడు.

బతిమాలితే పని జరగదని రావుకు తెలుసు. శనివారం సాయంత్రం హాల్లో సుద్దముక్కతో గుండ్రాలు గీసి, మధ్యలో బాణాలు వేసి, చింతగింజలు పేర్చాడు.

"ఏందండీ ఇది, వామనగుంటలా?" అంది భార్య సుకన్య.

"పెట్రి నెట్ అని, పనులు ఎలా సాగుతాయో చూపించే బొమ్మ. ఈ గుండ్రం మిక్సీ, ఇది పొయ్యి, అది మోటారు. గింజలు మనుషులు. గింజ జరిగితే పని జరిగినట్టు. ఏ గింజా కదల్లేకపోతే ఇల్లు ఆగిపోయినట్టు."

"ఆ మూల గుండ్రంలో గింజ ఒక్కటే కూర్చుందేంది?"

"అది శావల్యాపురం. ఆ గింజ నేను."

సుకన్య నవ్వలేదు.

"నేను లేకపోయినా ఇల్లు ఆగదని కంప్యూటర్ రుజువు చేస్తే పోనిస్తావా?"

"పోండి. ఆగుద్దని తేలితే మాత్రం కూర్చుని పచ్చడి నూరాల."

బొమ్మనంతా కంప్యూటర్‌కు అర్థమయ్యే రాతలోకి మార్చి మీట నొక్కాడు. టీ చల్లారకముందే జవాబొచ్చింది. కరెంటు పోతే మిక్సీ ఆగె, మోటారు ఆగె, ఇల్లు ఆగె.

"పర్లేదు, ఇది నడుస్తూనే రూపం మార్చుకునే నెట్" అన్నాడు రావు చెమట తుడుచుకుంటూ. "ఫలానాది కనబడితే తీసేసి ఫలానాది పెట్టు అని సూత్రం రాస్తే చాలు."

"అయితే రాసుకోండి" అంది సుకన్య, మిరపకాయల తొడిమలు తీస్తూ. "కరెంటు పోతే మిక్సీ తీసి రోలు పెట్టండి. గ్యాస్ అయిపోతే పక్కింటి అబిదక్క పొయ్యి మన వంటింట్లో కలపండి. చుట్టాలు దిగితే పప్పులో నీళ్లు కలపండి."

రావు రాస్తూ పోయాడు. ఒక్కో సూత్రానికీ తెర మీద నెట్ ఊడిపోయి, మళ్లీ ఇంకో రకంగా అల్లుకుంటోంది. ఏ పుస్తకంలోనూ ఇంత ఒడుపు అతను చూడలేదు. సుకన్య వైపు తిరిగాడు.

"రోజూ నువ్వు చేసేది ఇదా?"

"మరి అన్నం ఎట్టా ఉడుకుతుందనుకున్నారు?"

అయినా నెట్ ఒకచోట పట్టేసింది. మిరపకాయలు రోట్లో ఉన్నాయి, అందరి చేతులూ పనిలో ఉన్నాయి, నూరేవాళ్లు లేరు.

"ఇంకొక్కటి చెప్పు తల్లీ" అన్నాడు రావు.

"చేతులు ఖాళీగా ఉన్న మనిషి యాడ కనబడినా పనిలో పెట్టమనండి."

సంబరంగా రాసేసి పడుకున్నాడు. తెల్లవారేసరికి కంప్యూటర్ ఒక్క దారీ వదలకుండా వెతికి తీర్పు చెప్పింది: ఎటు పోయినా ఈ ఇల్లు ఆగదు. రావు ఇస్త్రీ చొక్కా తొడిగి బండి తాళం అందుకున్నాడు.

"మీ గింజ యాడుందో చూసుకున్నారా?" అంది సుకన్య.

చూశాడు. శావల్యాపురం గుండ్రం ఖాళీ. గింజ రోటి దగ్గరుంది. ఏ మనిషి అని సూత్రంలో లేదు, ఇంట్లోనే అనీ లేదు. పందెం చూసే ఖాళీ చేతులు కనబడగానే కంప్యూటర్ వాటిని పట్టుకొచ్చి రోటికి కట్టేసింది.

ఆ సూత్రం తీసేసి చూశాడు. ఇల్లు ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. చక్కగా నడిచింది. ఇన్ని దారుల సంసారం ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉందని రావుకు తెలిసొచ్చింది. ఎడ్ల సంగతి కూడా కాసేపు మర్చిపోయాడు. తాళం మేకుకు తగిలించి, మెల్లగా అడిగాడు.

"ఈ సూత్రం ఎవరు నేర్పారే నీకు?"

"మా అమ్మ."

"రుజువైందా?"

సుకన్య గడ్డంతో మూలకు చూపించింది. వెంకట్రామయ్య చాప మీద కొంచెం పక్కకు జరిగి, రోటి బండను అల్లుడి వైపు దొర్లించాడు.

"రా అల్లుడూ, కూర్చో" అన్నాడు. "ఒకప్పుడు నాకూ పందెపు ఎడ్లుండేయి."